కమోడోర్ ఫ్లాపీకి మరమ్మతు

కమోడోర్ 64 కంప్యూటర్‌తో వాడిన 1541 డ్రైవ్ ఫ్లాపీని ఇమేజ్‌గా, అంటే మొత్తం డిస్కును ఒకే ఫైలుగా తీస్తే మామూలుగా 1,74,848 బైట్లు వస్తుంది. అంటే 683 సెక్టార్లు, ఒక్కోటి 256 బైట్లు. ఫైలులోని ఒక్కో సెక్టార్ మొదటి రెండు బైట్లు తరువాతి ముక్క ఎక్కడుందో చెబుతాయి. ఏ సెక్టార్లు ఖాళీయో చెప్పే పట్టిక 18వ ట్రాక్‌లో ఉంటుంది.

ఈ పట్టికను సరిచేయడానికి 'వాలిడేట్' ఆదేశమిస్తే డ్రైవ్ ప్రతి ఫైలు గొలుసునూ చివరిదాకా అనుసరించి, ఆ పట్టికను మళ్లీ రాస్తుంది. కానీ జాగ్రత్త! రాస్తుండగా ఆగిపోయి, నక్షత్రం గుర్తు పడిన ఫైళ్లను డైరెక్టరీలోంచి తీసేస్తుంది. ఎవరి తొలి ప్రోగ్రామో అందులోనే ఉండొచ్చు! జియోస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కులకైతే మరీ ప్రమాదం. వాటి ఫైళ్ల అమరిక ఈ ఆదేశానికి తెలియదు కాబట్టి, నిండిన సెక్టార్లను కూడా ఖాళీగా రాసేస్తుంది. అసలు ఇమేజ్‌ను ముట్టుకోకుండా, నకలు తీసి దానిమీదే మరమ్మతు చేయండి.