పట్టాల సభలో ఒక ఫాదర్

1982 జూన్‌లో అమెరికాలోని శాంటా క్లారా విశ్వవిద్యాలయం పట్టాల సభకు ఒక కాథలిక్ ఫాదర్ వచ్చారు. పేరు ఇగ్నాసియో ఎల్యాకురియా. పుట్టింది స్పెయిన్‌లో, పనిచేసింది ఎల్ సాల్వడార్‌లో. జెస్యూట్ అనే కాథలిక్ ఫాదర్ల సంఘం అక్కడ నడిపే విశ్వవిద్యాలయానికి ఆయన రెక్టర్, అంటే మన వైస్ ఛాన్సలర్ లాంటివారు. విజయవాడ లయోలా కాలేజీని నడిపేదీ ఈ జెస్యూట్ ఫాదర్లే.

పట్టాల రోజు పెద్దలు మామూలుగా ఆశీస్సులిచ్చి కూర్చుంటారు. ఈయన అంతర్యుద్ధంలో నలుగుతున్న ఎల్ సాల్వడార్ సంగతి ఎత్తారు. క్రైస్తవ స్ఫూర్తితో నడిచే విశ్వవిద్యాలయం పేదల పక్షాన నిలబడాలన్నారు. అంటే పేదలకే సీట్లివ్వమనీ కాదు, చదువు ప్రమాణం తగ్గించమనీ కాదట. చిక్కు సమస్యలు విప్పాలంటే గట్టి చదువే కావాలి. ఆ చదువు గొంతులేనివాళ్లకు గొంతుగా మారాలి. నాకు ఈ ప్రసంగంలో బాగా నచ్చిన మాట ఇదే. జాలి చూపించడం తేలిక, లెక్కలూ చట్టాలూ చదివి వాదించడమే కష్టం.

ఆయన రాతలు, మాటలు సైన్యానికి గిట్టలేదు. 1989 నవంబరు 16న సైనికులు విశ్వవిద్యాలయంలోకి చొరబడి ఆయననూ, మరో ఐదుగురు ఫాదర్లనూ, వంటావిడనూ, ఆమె కూతురినీ కాల్చి చంపారు. 2020లో స్పెయిన్ కోర్టు ఈ హత్యల కేసులో ఎల్ సాల్వడార్ మాజీ కర్నల్ ఒకరికి 133 ఏళ్ల జైలుశిక్ష వేసింది.