కనబడియుఁ గనబడని డిస్కు

తమ యిండ్లలో మనుమలు వాడుచున్న కంప్యూటరు నొక దస్తరపు పెట్టె యనుకొనిన, కాగితము లుండు అర హార్డు డిస్కు. ఆ అర యొకనాఁడుండి మరునాఁడు లేకున్న నెట్లుండును? నాకట్లే జరిగినది. మా తండ్రిగారి భూమి దస్తావేజుల ప్రతులు, ఆయన చేతివ్రాత లెక్కల పుస్తకముల ఛాయాచిత్రములు నా రెండవ డిస్కుపై నుండెను. ఛాయాచిత్రములకు వేఱొక ప్రతి లేదు. అది నా తప్పిదమే.

నా యంత్రము లైనక్సుతో నడచును. ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలిడిన దిది. తనకు జరిగినదెల్ల వ్రాసి యుంచుకొనుట దీని మంచిగుణము. కొన్ని యుదయములందు డిస్కు కానరాదు. ఆపి మరల నడపిన నొక్కొకప్పుడు కానవచ్చును. దుకాణదారుఁ డొకఁడు పెట్టె విప్పకయే “డిస్కు పోయినది, క్రొత్తది కొనుఁడు” అనెను. నేను వినలేదు.

కనబడిన దినమున ముందుగాఁ గాగితము లన్నిటిని వేఱు డిస్కున కెత్తితిని. పరీక్షలు తరువాతనే.

పిమ్మట బయాస్ తెరఁ జూచితిని. లైనక్సు మేల్కొనక మునుపే యంత్రము తన యవయవములను లెక్కించుకొను తావది. అచ్చటను డిస్కు లేదు. కావున లైనక్సును నిందించుట వ్యర్థము. దోషము తీఁగలలోనో, విద్యుత్తులోనో, డిస్కులోనో యుండవలెను.

ఇచ్చట నొక మాట. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ యను పేరులు స్థిరములు కావు. పేరు మాఱినంతనే డిస్కు పోయెనని భ్రమించువారు గలరు. యూయూఐడీ యను గుర్తును ఎఫ్‌స్టాబ్ పట్టికలో వ్రాసి, ప్రక్కన ‘నోఫెయిల్’ అను మాటఁ జేర్చిన, డిస్కు లేనినాఁడును యంత్రము నడచును. లేనిచో సాధారణముగా 90 సెకండ్లు కాచి, అత్యవసర స్థితిలో నిలిచిపోవును.

డీమెసెజ్ అను నాజ్ఞతో దినచర్యఁ జదివితిని. కనబడనినాఁడు “సాటా లింక్ డౌన్” అని యుండెను. కనబడిననాఁడు నడుమ నడుమ “హార్డ్ రీసెట్టింగ్ లింక్” అనియు, వేగము 6 గిగాబిట్లనుండి 3కు దిగెననియు నుండెను. స్మార్ట్‌సీటీఎల్ చూపిన పట్టికలో చెడిన తావులఁ దెలుపు 5వ లెక్కయు, అనుమానపు తావులఁ దెలుపు 197వ లెక్కయు సున్నలే. 199వది మాత్రము దినదినము పెరుగుచుండెను. అది త్రోవలో సమాచారము చెడిన సారుల లెక్క. సమాచారపు తీఁగ మార్చితిని, పెరుగుదల యాగినది. ఆ సంఖ్య మరల సున్నకు రాదు, ఆగెనా యని మాత్రమే చూడవలెను.

పండ్రెండు దినములు సంతోషించితిని. పదమూఁడవ యుదయమున డిస్కు మరల మాయము! ఈసారి చెవి యొగ్గి వింటిని. డిస్కు తిరుగు ధ్వనియే లేదు. మొదటనే వినవలసినది! కరెంటు తీసివేసి పెట్టె విప్పితిని. రెండు డిస్కులకు విద్యుత్తు పంచు చీలిక తీఁగ కొనలో నొక సూది వదులై నల్లబడి యుండెను. పెద్ద డిస్కు తిరుగనారంభించు క్షణమున 12 వోల్టుల వద్ద సుమారు 2 ఆంపియర్లు లాగును. వదులు సూది దాని కోపలేదు.

ఆ చీలికను బారవైచి, విద్యుత్పేటికనుండి రెండింటికి వేఱువేఱు తీఁగలు కలిపితిని. నాలుగు మాసములైనది; డిస్కు ప్రతిదినము కనబడుచున్నది. ఛాయాచిత్రముల రెండవ ప్రతి యిప్పుడు మా తమ్ముని యింట నున్నది.