కొండమీది టీవీ టవరు



రేడియోలో ఒక స్టేషను నచ్చకపోతే ముల్లు తిప్పి ఇంకోటి పెట్టుకుంటాం. 2014 ఏప్రిల్‌లో తూర్పు ఉక్రెయిన్‌లోని స్లోవియాన్స్క్ ఊరివాళ్ళకి టీవీ దగ్గర ఆ వీలు లేకపోయింది. ఊరిపక్క కరచూన్ కొండమీద టవరుంది. రష్యా అండ ఉన్న సాయుధులు దాన్ని పట్టుకుని, ఉక్రెయిన్ చానళ్ళు ఆపేసి రష్యా చానళ్ళు పెట్టారు. తన వీధిలో ఏం జరిగిందో ఇల్లాలికి పొరుగుదేశం చెప్పాలన్నమాట! సైన్యం కొండని తిరిగి పట్టుకుంది గానీ, గుళ్ళ దెబ్బలకి జూలై 1న టవరే కూలింది. మళ్ళీ నిలబెట్టేసరికి 2016 డిసెంబరు.

సర్కారు వార్తలన్నీ నిజమేనా అని మీరడగొచ్చు. అడగాలి కూడా. 1918లో పుట్టిన ఉక్రిన్‌ఫార్మ్ వార్తాసంస్థ ప్రభుత్వానిదే. ఆక్రమిత ప్రాంతాలవారి కోసం 2020లో పెట్టిన ‘దోమ్’ చానలూ అంతే. మనకి దోమ గుర్తొస్తుంది గానీ, రష్యన్‌లో దోమ్ అంటే ఇల్లు. శత్రువు భాష అని మొహం తిప్పుకోకుండా, అక్కడివాళ్ళ ఇళ్ళలో నడిచే ఆ భాషలోనూ మాట్లాడారు. నాకది నచ్చింది. కానీ అబద్ధానికి పోటీ అబద్ధం చెప్పారో, ఇంటిల్లిపాదీ టీవీ కట్టేస్తారు.

2022 నవంబరులో ఖేర్సన్ వదిలిపోతూ రష్యా సైన్యం అక్కడి టీవీ టవరునీ పేల్చేసింది. ఊళ్ళో అప్పుడు కరెంటు లేదు, కుళాయిల్లో నీళ్ళూ లేవు.