ఎవరి శక్తికి తగిన యాత్ర వారికి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు "ఏ విషయమండీ?" అని అడిగితిని. "మీరు నాలుగు చోట్ల తిరిగినవారు గదా, చూడదగిన ప్రదేశములను గూర్చి చెప్పుడు" అనిరి. తిరిగినమాట నిజమే గాని నేను పండితుడను కాను. పసుపు పండించువాడను. మాటలో దోషములున్నచో పెద్దలు మన్నింపవలెను.

మన ఆర్మూరు ప్రాంతమువారు ప్రయాణ మెరుగనివారు కారు. దుబాయి, మస్కట్టు, కువైటు అను పేర్లు మన పసిపిల్లలకు సహితము కంఠస్థము. అయితే పొట్టకూటికి పోవుట వేరు, కన్నులార చూచుటకు పోవుట వేరు. పదునైదేండ్లు ఎడారిదేశమున పనిచేసి తిరిగివచ్చిన నా మిత్రు డొకడు "కందకుర్తి ఎటువైపున్నది?" అని నన్ను అడిగెను. ఇది ఒక చిత్రము. రెండవ చిత్రము మన యువకులది. సిద్ధులగుట్టను ఒక్కనాడైనను కాలినడకను ఎక్కనివారు, చేతిఫోనులో బొమ్మలు చూచి, వర్షాకాలమున తిన్నగా జలపాతముల మీదికి పరుగెత్తుచున్నారు. పసుపుకొమ్మును ఉడికింపక, కళ్ళమున ఎండబెట్టక, తిన్నగా పాలిషు డ్రమ్ములో వేసిన ఏమగునో ఈ సభలోనివారికి నేను చెప్పనక్కరలేదు.

కావున దగ్గరనుండి దూరమునకు, సులభమునుండి కష్టమునకు పోవు క్రమమున నాకు తెలిసినంత మనవి చేసెదను.

మొదట మన గుట్ట. నల్లని బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు ఈ సిద్ధులగుట్ట మీద నవనాథులు తపస్సు చేసిరనియు, అందువలన మన ఊరికి నవనాథపురమను పేరు కలిగెననియు పెద్దలు చెప్పుదురు. ఆరును మూడును కలిసి తొమ్మిదియగును గనుక ఆర్మూరాయెనని మరియొక మాట. ఇది ఎంతవరకు నిజమో భాషావేత్తలు తేల్చవలెను. నాకు మాత్రము ఆ లెక్క ముచ్చటగనే యున్నది. పైకి వాహనములు పోవు దారి యున్నది. అయినను ఒక్కసారి నడచి ఎక్కుడు. ఎంతదూరమునకు ఆయాసము వచ్చునో, దిగునప్పుడు మోకాళ్ళు ఏమనునో ఇంటిదగ్గరనే తెలిసిపోవును. ఆ తెలివి లేకుండ పై మెట్టునకు పోరాదు.

డిచ్‌పల్లి రామాలయము కూడ ఈ కోవలోనిదే. చిన్న గుట్ట, మెట్లదారి, గోడలనిండ శిల్పము. నిజామాబాదు కోటకు పోయినవారు అచ్చటి పాత జైలును తలచుకొనవలెను. 1948లో దాశరథి కృష్ణమాచార్యులవారిని నిర్బంధించిన తావు అది. ఆయన బొగ్గుతో గోడలమీద పద్యములు వ్రాసెను. ఆయనతో కూడ ఆ జైలునందుండిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు మోసికొని ఊరూర తిరిగి అమ్మినవారు. గ్రంథాలయ సభలో ఆయన పేరు తలపకుండుట ధర్మము కాదు.

ఇక పోచంపాడు. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము మనకు కూతవేటు దూరము. నలుబదిరెండు గేట్లు, 112 టి.ఎం.సి.ల నీటికై కట్టిన జలాశయము ఒండ్రు చేరి చేరి నేడు అంత నిలుపలేకున్నది. కట్టమీద నిలిచి చూచుట కెట్టి సాహసమును అక్కరలేదు. గేట్లు ఎత్తిన దినమున దిగువ నదిలోనికి దిగుట మాత్రము సాహసము కాదు, మూర్ఖత. ఆ నీరు ముందుగ చెప్పి రాదు.

కందకుర్తిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. రెంజల్ మండలములోని ఈ గ్రామము వద్దనే గోదావరి మన రాష్ట్రమున ప్రవేశించును. మంజీర అచ్చట కలియును. మూడవది హరిద్రానది. మా అమ్మ డెబ్బదియేండ్లు పసుపులోనే బ్రతికెను. విత్తనపు కొమ్ము నాటుట, కలుపు తీయుట, త్రవ్వుట, ఉడికించుట, ఇంతే ఆమె లోకము. మధ్యాహ్నములందు బీడీలు చుట్టెడిది. ఒక కార్తికమున ఆమెను వెంటబెట్టుకొని కందకుర్తికి పోయితిని. స్నానమైన పిదప పూజారిగారు మూడు నదుల పేర్లు చెప్పగా, "హరిద్ర యన నేమి?" అని ఆమె అడిగెను. "పసుపమ్మా" అని ఆయన చెప్పెను. ఆమె చాలసేపు ఏమియు మాటలాడలేదు. తరువాత కొంగుముడి విప్పి, ఇంటనుండి తెచ్చిన పసుపుకొమ్మును నీటిలో వదలి, "ఇన్నేండ్లు ఇంత దగ్గర నున్నదా!" అనెను. ఆ మాట నాకు నేటికిని ముల్లువలె గుచ్చుకొనుచునే యున్నది. సోదరులారా, మీ ఇండ్లలోని తల్లులను, బీడీచాటల ముందు కూర్చున్న అక్కచెల్లెండ్రను బాసరకో కందకుర్తికో ఒక్కదినము తీసికొనిపొండు. ఉదయము పోయి సాయంకాలమునకు రావచ్చును. భీమ్‌గల్ లింబాద్రిగుట్ట నృసింహస్వామి జాతరకు పోవువారు అనేకులున్నారు గనుక దానిని గూర్చి వేరుగ చెప్పను.

రెండవ మెట్టు నిర్మల దాటిన తరువాత నారంభమగును. అచ్చటినుండి ఘాటు ఎక్కి నేరడిగొండ చేరి, ప్రక్కదారిన పోయినచో కుంటాల జలపాతము. కడెం వాగు సుమారు 150 అడుగుల ఎత్తునుండి బండలమీదుగ దూకును. శివరాత్రినాడు అచ్చటి సోమేశ్వరుని దర్శించుటకు గిరిజనులు పెద్దసంఖ్యలో వత్తురు. క్రిందికి దిగుటకు వందలకొలది మెట్లున్నవి. దిగినవన్నియు తిరిగి ఎక్కవలసినవే యని దిగునప్పుడు తోచదు.

ఇచ్చట నా తప్పును ఒప్పుకొనవలెను. ఇరువదియేండ్ల క్రిందట శ్రావణమాసమున, పసుపు నాటి చేతులు ఖాళీయైన రోజులలో, మేము నలుగురము కుంటాలకు పోయితిమి. పశువులు కాచు గోండు యువకు డొకడు మమ్ము చూచి, "ఆ బండమీదికి పోకుడు, పాకుడున్నది, క్రింద మడుగు లోతు" అని రెండుసార్లు చెప్పెను. మేము నవ్వితిమి. మావాడొకడు బండయంచున నిలిచి చేయి ఊపుచుండగా కాలు జారెను. మడుగులో రెండుసార్లు మునిగి తేలెను. మాలో ఈత వచ్చినవాడొక్కడును లేడు! ఆ గోండు యువకుడే తన దుప్పటిని కర్రకు కట్టి అందించి లాగెను. ప్రాణము దక్కెను గాని మడమ విరిగెను. ఆ యేడు అతని పొలమున పసుపు త్రవ్వుటకు కూలీలే దిక్కయిరి. వచ్చిన ధరలో సగము ఆ కూలికే పోయెను. మేము ఆ యువకుని పేరైనను అడుగలేదు. తరువాత రెండుసార్లు పోయి వెదకితిని, కానరాలేదు.

అందరికిని అట్టి దుప్పటి అందదు. ఆ మడుగులలో ప్రాణములు కోల్పోయిన యువకులు పలువురున్నారు. కావున నా మాట వినుడు. శ్రావణ భాద్రపదములలో పోయినవారు పైనుండి చూచి మరలుడు. దిగదలచినవారు దసరా గడచినపిదప, పసుపు త్రవ్వకమునకు ముందు, ఆశ్వయుజ కార్తికములలో పొండు. వాగు తగ్గియుండును, జలపాతము మాత్రము ఎండదు. మనకును పనులు కొంత తెరపి ఇచ్చు కాలమదియే. ఊరివాడు వలదన్నచోట నిలువకుడు. అడవిని చూడగోరువారికి 2012లో పులుల అభయారణ్యముగ ప్రకటింపబడిన కవ్వాల మున్నది. జన్నారమునుండి అటవీశాఖవారి బండిలోనే పోవలెను. పులి కనబడునని ఆశపడకుడు. కనబడలేదని రుసుము తిరిగి అడిగినవారిని నేను చూచితిని!

మూడవ మెట్టు పర్వతారోహణము. ఇది మనకెందుకని కొందరు నవ్వవచ్చును. నవ్వకుడు. మన జిల్లాలోని పాకాల గ్రామమునుండి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నెక్కెను. అప్పటికామె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. అంత చిన్నవయస్సున ఆ శిఖరమెక్కిన బాలిక ప్రపంచమున అంతకుముందు లేదు. తల్లిదండ్రులు వ్యవసాయకూలీలు, చదివినది సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో. ఆమెతోపాటు ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడ ఎక్కెను. 2022లో దేనాలి శిఖరముతో ఆమె ఏడు ఖండముల ఎత్తైన శిఖరములను పూర్తిచేసెను.

అయితే ఆ బాలిక పాకాలనుండి తిన్నగా హిమాలయములకు పోలేదు. మొదట భువనగిరి కోటబండ. ఒకే రాయియై నిలిచిన ఆ గుట్టమీద గురుకుల విద్యార్థులు నూరుమందికి పైగా త్రాళ్ళు పట్టి ఎక్కుట నేర్చిరి. వారిలో కొందరిని ఏరి డార్జిలింగు పంపిరి. అందులోనుండి మరికొందరిని ఏరి చలికాలపు లడాఖునకు. చివరకు మిగిలినవారు ఇద్దరు. మధ్యలో ఆగిపోయిన ఆ నూరుమంది పిరికివారా? కారు. ఎవరు ఎంతవరకు పోగలరో చెప్పగల గురువులు వారికుండిరి. ఆ సంవత్సరమే ఏప్రిల్ 18న నేపాలువైపు దారిలో మంచుచరియ విరిగిపడి పదునారుగురు వృత్తిపరులైన పర్వతసహాయకులు మరణించిరి. ఈ ఇద్దరు ఎక్కినది టిబెట్టువైపునుండి. పర్వతము పుట్టుకనుండి దానిమీదనే తిరుగువారిని సహితము విడువదని మన యువకులు తెలిసికొనవలెను.

ఆసక్తిగల పిల్లలున్నచో భువనగిరిలో బండయెక్కు శిక్షణ నిచ్చు పాఠశాల యున్నది. హిమాలయముల వరకు పోదలచినవారికి 1954లో స్థాపించిన డార్జిలింగు సంస్థయు, 1965లో స్థాపించిన ఉత్తరకాశి సంస్థయు నున్నవి. ఎవరెస్టును మొదట ఎక్కిన ఇద్దరిలో ఒకడైన టెన్సింగు నార్గే డార్జిలింగులో శిక్షణకు అధిపతిగ నుండెను. ఆరోగ్యపరీక్షలో నిలువనివారిని తీసికొనరు. అలుగవలదు, అది మన మేలునకే.

ఇక ఒక్క కోరిక. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమునుండి బయలుదేరి, హైదరాబాదు, నాగపురముల మీదుగ కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. త్రోవలోని మజిలీలు, దారుల తీరు, నీటివసతి, దొరకు సరకులు అన్నియు వ్రాసి ఉంచిరి. 1838లో అది అచ్చయ్యెను. ఆయనకు పల్లకియు పరివారమును ఉండెను, మనకు బస్సుటిక్కెట్టున్నది. కాని ఆయనవలె వ్రాసి ఉంచువారు మనలో లేరు. అందుచేత నూరు పుటల నోటుపుస్తక మొకటి తెచ్చి ఈ దినమే గ్రంథపాలకునికి ఇచ్చితిని. ఎవరు ఎచ్చటికి పోయివచ్చినను ఏ నెలలో పోయినది, ఏ బస్సెక్కినది, ఎంత ఖర్చయినది, ఎచ్చట కాలుజారు బండలున్నవి, మంచినీరెక్కడ దొరకును అను సంగతులు అందులో వ్రాయవలెను. మొదటి పుటలో కుంటాలను గూర్చి నేను వ్రాసితిని. మడుగు ఎచ్చట లోతో కూడ బొమ్మ గీచితిని. బొమ్మ వంకరగ నున్నది, క్షమింపుడు.

రాబోవు కార్తికమున ఒక ఆదివారము కందకుర్తికి బస్సు మాటలాడదలచితిని. అరువదియేండ్లు దాటిన స్త్రీలకు ముందు స్థానములు. పేర్లు గ్రంథపాలకునివద్ద ఇయ్యవలెను.