ధ్యానమా, సీబీటీయా?

"డాక్టరుగారూ, ఆందోళనకి ధ్యానం మంచిదా, ఏదో సీబీటీ అంటున్నారు, అది మంచిదా?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. నేను వాళ్ళని ఎదురు ప్రశ్న వేస్తాను: ఆ భయం వల్ల మీరు ఏయే పనులు మానేశారు? జవాబును బట్టే నా సలహా ఉంటుంది.

ఒకాయన ఉన్నాడనుకోండి. కిక్కిరిసిన బస్సులో ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, ఒళ్ళంతా చెమటలు, ఊపిరాడలేదు. ఇక ప్రాణం పోయిందే అనుకున్నాడు. ఆసుపత్రిలో ఈసీజీ తీస్తే అంతా సవ్యంగానే ఉంది. అయినా ఆ రోజు నుంచి బస్సెక్కడు. తర్వాత సినిమా హాలు మానేశాడు, ఆపైన పెళ్ళిళ్ళు. ఎక్కడికెళ్ళినా చేతిలో నీళ్ళ సీసా, పక్కన తమ్ముడు ఉండాల్సిందే. దీన్ని పానిక్ డిజార్డర్ అంటాం.

దీని లోగుట్టును 1986లో ఆక్స్‌ఫర్డ్‌లో మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ వివరించాడు. గుండె కాస్త వేగంగా కొట్టుకోగానే ఆ మనిషి 'గుండెపోటు' అనుకుంటాడు. అలా అనుకున్నందుకు భయపడతాడు, భయపడ్డందుకు గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది.

సీబీటీ, అంటే ఆలోచననూ ప్రవర్తననూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, సరిగ్గా అక్కడే పట్టుకుంటుంది. 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు డిప్రెషన్ రోగుల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది. మనసులో వచ్చిన ఆలోచనను కాగితం మీద రాయిస్తాం. దాన్ని నూటికి ఎంత నమ్ముతున్నారు, దానికి రుజువేమిటి, వ్యతిరేకంగా ఏముంది అని అడుగుతాం. అంతటితో ఆగం. మా గదిలోనే కుర్చీలో గిరగిరా తిప్పుతాం, సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్చమంటాం, మెట్లెక్కి దిగమంటాం. ఆ తల తిరుగుడు, ఆ దడ మళ్ళీ వస్తాయి, ప్రాణం మాత్రం పోదు. ఆ తర్వాత బస్సు. మొదట తమ్ముడితో ఒక్క స్టాపు, తర్వాత తమ్ముడు లేకుండా, చివరికి నీళ్ళ సీసా కూడా లేకుండా. చాలామంది బేరమాడేది ఆ సీసా దగ్గరే! పానిక్‌కు ఇదంతా మొత్తం 7 నుంచి 14 గంటల చికిత్స.

ఇక ధ్యానం. చికిత్సగా వాడే ధ్యానాన్ని మైండ్‌ఫుల్‌నెస్ అంటాం. మూలం బౌద్ధ ధ్యానమే. 1979లో అమెరికాలో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలిక నొప్పులున్న రోగులకు మతం ఊసు లేకుండా తరగతులు పెట్టాడు, ఇప్పుడవి ఎనిమిది వారాలు సాగుతాయి. ఆ తరగతుల్లో పేరుపడ్డ మొదటి పాఠం ఒక్క కిస్‌మిస్ పండు. వేళ్ళతో తడిమి, వాసన చూసి, చాలాసేపు నములుతూ తినాలి. ఇంట్లో రోజూ ముప్పావు గంట సాధన. పదిరోజుల మౌన విపస్సన శిబిరం వేరు, ఈ చికిత్స వేరు. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా అలాంటి శిబిరాలకు వెళ్ళకండి.

మైండ్‌ఫుల్‌నెస్ ఎవరికి బాగా నప్పుతుందంటే, ఊరికే ఆలోచనలు నమిలేవాళ్ళకు. అమెరికాలో కొడుకు ఫోన్ చేయలేదని దిగులు, చేస్తే గొంతు నీరసంగా ఉందని దిగులు, అదయ్యాక కోడలి ఉద్యోగం, ఆ తర్వాత వీసా. ఒక్కో ఆలోచనతో వాదించబోతే ఆ వాదనే కొత్త దిగులవుతుంది. "ఇదిగో, ఇంకోటి వచ్చింది" అని గమనించి, మళ్ళీ శ్వాస మీదికి రావడం మేలు.

పరిశోధనల మాటేమిటి? 2022లో వెలువడిన అమెరికన్ అధ్యయనంలో 276 మంది ఆందోళన రోగులను చూస్తే, ఈ ఎనిమిది వారాల తరగతులు ఆందోళనకు ఇచ్చే ఎస్సిటలోప్రామ్ మాత్రకు ఏమీ తీసిపోలేదు. పత్రికలు దాన్ని బాగా చాటాయి. కాని అక్కడ పోటీ మాత్రతో, సీబీటీతో కాదు. ఈ రెండింటినీ ముఖాముఖి పెట్టి చూసినప్పుడు ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి. నలుగురిలో మాట్లాడాలంటే భయపడేవాళ్ళ మీద చేసిన 2007 అధ్యయనంలో సీబీటీదే పైచేయి. 2016లో అలాంటివాళ్ళే 108 మందితో చేసినదాంట్లో రెండూ ఇంచుమించు సమానం. ఈ సామాజిక భయానికి బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ 2013 మార్గదర్శకాలు మైండ్‌ఫుల్‌నెస్‌ను మామూలుగా ఇవ్వవద్దనే చెప్పాయి.

నా అభిప్రాయం దాచుకోను. భయపడి పనులు మానేసినవాళ్ళకు ముందు సీబీటీయే. ఎందుకంటే ఆ బస్సాయన ధ్యానం నేర్చుకుని, దడ రాకుండా ఉండటానికి సీట్లో కళ్ళు మూసుకుని శ్వాస లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడనుకోండి, ఆ శ్వాసే రెండో నీళ్ళ సీసా అవుతుంది, దానివల్లే బతికాననుకుంటాడు! నిజమైన మైండ్‌ఫుల్‌నెస్ గురువు కూడా దడను తరిమేయమని చెప్పడు, దాన్ని రానిచ్చి గమనించమంటాడు. ఇంటా బయటా పనులన్నీ చేసుకుంటూనే లోపల నలిగిపోయేవాళ్ళు ధ్యానంతో నిశ్చింతగా మొదలుపెట్టవచ్చు. ఎవరికైనా సరే, ముందు ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించండి, కాఫీ ఎన్నిసార్లు తాగుతున్నారో చూసుకోండి, దడకు అవీ కారణం కావచ్చు.

మన ఊళ్ళో సీబీటీ చేసేవాళ్ళు ఎక్కడున్నారని అడుగుతారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు ఫోన్ చేసి అడగండి, నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంటికి వెళ్ళేలోపు ఫోనులో రాసిపెట్టుకోండి.