బియ్యానికి చట్టం ఉంది, వండే చేతికి లెక్కేది?

(అంబేడ్కర్ జయంతి సందర్భంగా జగదల్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం.)



నన్ను ఇక్కడికి పిలిచిన అన్న ఒక మాట చెప్పాడు. "బాబాసాహెబ్ గురించి మాట్లాడు, లెక్కలు మాత్రం చెప్పకు" అన్నాడు. అన్న క్షమించాలి. ఈరోజు నేను లెక్కలే చెప్తాను. బాబాసాహెబ్ కూడా ముందు అర్థశాస్త్రం చదివిన మనిషే కదా.

మా అమ్మ ఖమ్మం జిల్లాలో మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. మాది మాదిగ వాడ. అమ్మ వంటకు చేరిన మొదట్లో ఊళ్లో కొన్ని ఇళ్ల పిల్లలు క్యారేజీలు తెచ్చుకునేవాళ్లు. అమ్మ ఏమీ అనేది కాదు. బిల్లులు నెలల తరబడి రాకపోతే కిరాణా కొట్లో ఖాతా పెట్టి పప్పు, నూనె తెచ్చేది. కొట్టాయన ఖాతా ఆపేసిన రోజున ఇంట్లో పప్పు బడికి వెళ్లింది. 2009లో వంట చేసేవాళ్లకు నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనం అని కేంద్రం నిర్ణయించింది. అప్పుడు నేను బడి పిల్లల్లో ఒకణ్ని. ఈరోజు పీహెచ్‌డీ చేస్తున్నాను. కేంద్రం లెక్కలో అది నేటికీ వెయ్యే.

నా పరిశోధన అక్కడి నుంచే మొదలైంది. సర్కారు పెట్టే తిండికి ఎంత అని ఎవరు నిర్ణయిస్తారు? ధర పెరిగితే ఆ మొత్తం ఎలా పెరుగుతుంది? ఈ పని మీద రెండేళ్లుగా బస్తర్‌కు వచ్చిపోతున్నాను. బస్తర్‌కే ఎందుకంటే, రేషన్ విషయంలో దేశానికి పాఠం చెప్పిన రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి.

మీకు తెలిసిన కథే, క్లుప్తంగా చెప్తాను. 2004లో ఇక్కడ రేషన్ షాపులను ప్రైవేటు డీలర్ల చేతుల్లోంచి తీసి పంచాయతీలకు, మహిళా సంఘాలకు, సహకార సంఘాలకు ఇచ్చారు. 2007లో కుటుంబానికి నెలకు 35 కిలోల బియ్యం, కిలో 3 రూపాయలకు అన్నారు. 2012 డిసెంబర్‌లో ఈ రాష్ట్రం సొంత ఆహార భద్రతా చట్టం చేసుకుంది. ఢిల్లీ చట్టం వచ్చింది 2013లో. అంటే ఇక్కడివాళ్లు ఢిల్లీ కంటే ముందు నడిచారు. బియ్యంతో పాటు ఉప్పు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 5 రూపాయలకు కిలో శనగలు, తర్వాత బస్తర్ డివిజన్‌లో 17 రూపాయలకు కిలో బెల్లం చేరాయి.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. కేంద్ర చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబంలో మనిషికి నెలకు 5 కిలోలు. నలుగురుంటే 20 కిలోలు. ఇక్కడ ముగ్గురి నుంచి ఐదుగురి వరకు ఉన్న కుటుంబానికి 35 కిలోలు. ఒకరే ఉంటే 10, ఇద్దరుంటే 20, ఐదుగురు దాటితే మనిషికి 7 కిలోలు. అదే దేశం, అదే పేదరికం. కొలత మాత్రం వేరు. ఆ తేడా కడుపులో లేదు, నిర్ణయం తీసుకున్న చోట ఉంది.

ఆ 35 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? 1997లో పేదల కోసం వేరే రేషన్ అని మొదలుపెట్టినప్పుడు కుటుంబానికి నెలకు 10 కిలోలే. 2000లో 20 చేశారు. 2001లో 25, 2002లో 35. అయిదేళ్లలో పేదవాడి ఆకలి మూడున్నర రెట్లు పెరిగిందా? లేదు. ఆ ఏళ్లలో ఎఫ్‌సీఐ గోదాములు నిండి పొర్లాయి. 2001లో పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది, గోదాముల్లో ధాన్యం మగ్గుతుంటే జనం ఆకలితో ఉండడమేమిటని అడిగింది. మరి 2013 చట్టంలో 5 కిలోలు ఎలా వచ్చాయి? 2011–12 జాతీయ నమూనా సర్వేలో పల్లెల్లో మనిషి నెలకు తినే తిండిగింజలు సుమారు 11 కిలోలని తేలింది. చట్టం అందులో సగం కూడా ఇవ్వలేదు. మిగతా సగం బజారులో కొనుక్కోమంది.

ధర సంగతి తెలుగువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలు అన్నారు. తొంభైలలో అది మూడున్నర అయింది, ఆ తర్వాత ఐదుంపావలా అయింది. 2008లో మళ్లీ రెండు, 2011లో రూపాయి. ఈ ఎక్కడం దిగడం చూస్తే పంట లెక్క కనపడదు, ఎన్నికల క్యాలెండర్ కనపడుతుంది.

మొన్నటి ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది. కరోనా కాలంలో దేశం మొత్తం మీద కార్డులో ఉన్న మనిషికి మామూలు 5 కిలోలకు తోడు ఇంకో 5 కిలోలు ఉచితంగా ఇచ్చారు. 2022 డిసెంబర్‌తో అదనం ఆపేశారు. 2023 జనవరి నుంచి మామూలు కోటాను ఉచితం చేశారు. అంతటా "ఉచితం" అనే మాటే మోగింది. నలుగురున్న ఇంట్లో ఏం జరిగిందో వేసి చూడండి. ముందు 20 కిలోలకు కిలో 3 చొప్పున 60 రూపాయలు కట్టేవాళ్లు, ఇంకో 20 ఊరికే వచ్చేవి. మొత్తం 40 కిలోలు. తర్వాత 20 కిలోలు, కట్టేది సున్నా. అంటే 60 రూపాయలు మిగిలాయి, 20 కిలోలు పోయాయి. బజారులో కిలో 30 అనుకున్నా ఆ 20 కిలోలకు 600. ఒక చేత్తో అరవై ఇచ్చి ఇంకో చేత్తో ఆరు వందలు తీసుకున్నారు. కరోనా సాయం కరోనాతోనే ఆగుతుందని వాదించొచ్చు, సరే. కానీ దాన్ని పెంపు అని పిలవకూడదు.

అయినా సరే, కిలోల్లో రాసిన హక్కుకు ఒక బలం ఉంది. బజారులో బియ్యం ధర ఎంత పెరిగినా 5 కిలోలు 5 కిలోలే. ధరల పెరుగుదల దాన్ని తినలేదు. దాన్ని తగ్గించాలంటే పార్లమెంటుకు వెళ్లి అందరి ముందు చట్టం మార్చాలి. రూపాయల్లో రాసిన హక్కు అలా కాదు. దాన్ని తగ్గించడానికి ఎవరూ ఏమీ చేయక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు, అదే కరిగిపోతుంది. ఈరోజు మీరు ఇంటికి తీసుకెళ్లాల్సిన మాట ఇదొక్కటే.

బడి వంటగదిలోకి వెళ్దాం. అక్కడ మూడు రకాల లెక్కలు ఒకే పొయ్యి మీద ఉడుకుతుంటాయి.

మొదటిది బియ్యం. ప్రాథమిక బడిలో పిల్లకు రోజుకు 100 గ్రాములు, పై తరగతుల్లో 150 గ్రాములు. ఇది కొలత కాబట్టి కదలదు.

రెండోది పప్పు, కూర, నూనె, మసాలా, వంటచెరకు కోసం ఇచ్చే డబ్బు. చిన్న పిల్లకు 2020లో 4 రూపాయల 97 పైసలు. 2022 అక్టోబర్‌లో 5.45. 2024 డిసెంబర్‌లో 6.19. 2025 మే నుంచి 6.78. నలభై మంది పిల్లలుంటే రోజుకు 271 రూపాయలు. అందులో 800 గ్రాముల పప్పు, రెండు కిలోల కూరగాయలు, 200 గ్రాముల నూనె, ఉప్పు, కారం, గ్యాసు రావాలి. సంజయ్ మార్కెట్‌కు రోజూ వెళ్లే అక్కలు ఇక్కడున్నారు, సరిపోతుందో లేదో మీరే చెప్పండి. ఈ పెంపుకు ఒక పద్ధతైతే ఉంది. లేబర్ బ్యూరో గ్రామీణ కూలీల వినియోగ ధరల సూచీ ఇస్తుంది, దాన్నిబట్టి పెంచుతారు. కానీ తేదీ లేదు. ఒకసారి రెండేళ్లకు పైగా ఆగారు, ఇంకోసారి ఐదు నెలలకే పెంచారు. ఆగిన రెండేళ్లలో టమాటా ఆగదు కదా. ఆ తేడా పప్పులో నీళ్లయి కలుస్తుంది, లేదంటే వండే అక్క అప్పయి మిగులుతుంది.

మూడోది వండే అక్క. ఆమెకు కొలతా లేదు, సూచీ లేదు, తేదీ లేదు. 2009 నుంచి నెలకు వెయ్యి, అదీ ఏడాదికి పది నెలలే. అప్పటి నుంచి ధరలు రెండింతలకు పైగా పెరిగాయి. అంటే ఆనాటి వెయ్యి విలువ ఇప్పుడు సగం కూడా లేదు. కొన్ని రాష్ట్రాలు తమ డబ్బు కలుపుతాయి. ఇక్కడా కొంత కలుపుతారు. ఆంధ్రప్రదేశ్ 2019లో మూడు వేలు చేసింది. అది ఆయా ప్రభుత్వాల ఇష్టం. చట్టంలో రాసింది కాదు.

ఇక్కడే మన సంగతి వస్తుంది. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వమంది. మంచి ఆదేశం. మా అమ్మ చేతి అన్నం ఊరందరి పిల్లలూ తిన్నారంటే దాని వెనక ఆ ఆలోచన ఉంది. క్యారేజీలు తెచ్చుకున్న పిల్లలు కూడా కొన్నాళ్లకు పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడ్డారు. కులం మీద అది చిన్న గెలుపు కాదు. కానీ చూడండి, ఎక్కడ మనకు ప్రాధాన్యం దొరికిందో సరిగ్గా అక్కడే లెక్క గడ్డకట్టుకుపోయింది. వంటగది తలుపు తెరిచారు, జీతం తలుపు మూసేశారు. దానికి పెట్టిన పేరు గౌరవ వేతనం. వేతనం అంటే అప్పటి కనీస వేతన చట్టం అడ్డొచ్చేది. అందుకే ముందు గౌరవం తగిలించారు.

కేంద్ర ఉద్యోగికి డీఏ జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి సవరిస్తారు. ఏ లెక్కతో? అదే లేబర్ బ్యూరో ఇచ్చే పారిశ్రామిక కార్మికుల ధరల సూచీతో. ఉద్యోగికి పెంచడాన్ని నేను తప్పుపట్టడం లేదు, అది వాళ్లు పోరాడి తెచ్చుకున్నది. నేను అడిగేది ఒక్కటే. ఒకే కార్యాలయం లెక్కగట్టే ధరలు ఆఫీసులో కూర్చున్న మనిషికి ఏడాదికి రెండుసార్లు పెరిగితే, పొయ్యి ముందు కూర్చున్న మనిషికి పదిహేనేళ్లు దాటినా ఎందుకు పెరగలేదు?

"డబ్బెక్కడిది?" అంటారు. అదీ చూద్దాం. దేశంలో వంట చేసేవాళ్లు సుమారు 25 లక్షల మంది. వెయ్యి చొప్పున పది నెలలకు 2,500 కోట్లు. రెట్టింపు చేయడానికి ఇంకో 2,500 కోట్లు. 2025–26లో కేంద్రం ఆహార సబ్సిడీ పద్దు రెండు లక్షల కోట్లు దాటింది. ఇవి వేరువేరు శాఖల పద్దులే, పోలిక కోసం చెప్తున్నాను. తిండికి పెట్టే వంద రూపాయల పక్కన ఇది రూపాయింపావలా.

అంగన్‌వాడీ కథా ఇదే. పిల్లకు రోజుకు 8 రూపాయలని 2017లో నిర్ణయించారు. ఖర్చు ప్రమాణాలు పెంచుతామని 2025 బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. మధ్యలో ఏడేళ్లకు పైగా గడిచింది. 2017లో అంగన్‌వాడీకి వచ్చిన మూడేళ్ల పాప 2025కి ఐదారు తరగతుల్లో ఉంటుంది. ఆ పాప ఎదిగింది, ఆమె గిన్నె ఎదగలేదు.

వేరే దేశాల్లో ఎలా చేస్తారు? అమెరికాలో పేదలకిచ్చే ఆహార సాయాన్ని ఏటా అక్టోబర్ 1న సవరిస్తారు. జూన్ నెల ధరలు చూసి ఒక కుటుంబానికి పొదుపుగా తిండికెంత అవుతుందో లెక్క కడతారు. అక్కడా ఒక లోపం ఉండేది. దశాబ్దాల పాటు ధరలు మార్చారు కానీ బుట్టలో ఏముండాలో తిరిగి ఆలోచించినా దాని మొత్తం ఖర్చు పెరగనివ్వలేదు. 2021లో ఆ పట్టు వదిలి లెక్క వేస్తే సాయం 21 శాతం పెరిగింది. మనకు పాఠం ఏమిటంటే, సూచీ ఒక్కటే చాలదు. ఏటా ధరనూ, కొన్నేళ్లకోసారి బుట్టనూ చూడాలి.

లెక్కలో ఇంకో తప్పుంది. ఎంతిస్తారన్నదే కాదు, ఎంతమందికిస్తారన్నది కూడా మొత్తమే. కేంద్ర చట్టం ప్రకారం ఆ సంఖ్య తాజా జనాభా లెక్కల మీద ఆధారపడాలి. 2021లో జనగణన జరగలేదు కాబట్టి 2011 జనాభా మీదే, 81.35 కోట్ల దగ్గరే నిలిచింది. కొత్త గణన 2027కి పెట్టారు, అందులో కులగణన కూడా ఉంటుందన్నారు. జాబితాలో లేకపోతే ఏమవుతుందో బస్తర్ మహారా సోదరులకు నేను చెప్పాలా? పేరు రాతలో అక్షరం తేడా ఉందని ఏళ్ల తరబడి ఎస్సీ హక్కులు అందలేదు. 2023లో పార్లమెంటు చట్టం చేసి మహారా, మహ్రా పేర్లను జాబితాలో చేర్చాల్సి వచ్చింది. అందుకే గణనకు వచ్చినవాళ్లు ఏం రాసుకుంటున్నారో ఇంటింటా చూసుకోవాలి.

చివరిగా బాబాసాహెబ్ దగ్గరికి వస్తాను. 1942 నుంచి 1946 వరకు ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. ధరలు, కూలీ, పని గంటలు ఆయన రోజూ చూసిన ఫైళ్లు. 1947లో 'రాష్ట్రాలు – మైనారిటీలు' అనే పత్రంలో ఆయన ఒక గట్టి మాట చెప్పారు. ఆర్థిక న్యాయాన్ని రేపు వచ్చే మెజారిటీ దయకు వదలకండి, రాజ్యాంగంలోనే రాయండి అన్నారు. మన అక్కల వంటగదికి ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది. పెంచుతామని మాటిచ్చే నాయకుడు కాదు మనకు కావాల్సింది. ఎవరొచ్చినా పెంచక తప్పని నియమం కావాలి.

కాబట్టి మూడు అడుగుదాం. ఆహార పథకాల్లో రూపాయల్లో ఉన్న ప్రతి మొత్తానికీ ఒక సూచీ, ఏటా ఒక తేదీ చట్టంలో ఉండాలి. బుట్టలో ఏముండాలో ఐదేళ్లకోసారి తిరిగి చూడాలి, అక్కడ వండేవాళ్లూ కూర్చోవాలి. వంట చేసే అక్కలకు గౌరవ వేతనం కాదు, కనీస వేతనం కావాలి, డీఏతో సహా.

ఢిల్లీ వరకు ఆగనక్కర్లేని పని ఒకటుంది. 2013 చట్టం రేషన్ షాపు స్థాయి నుంచి నిఘా కమిటీలు వేయమంది, వాటిలో ఎస్సీలకు, ఎస్టీలకు, మహిళలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలంది. మీ షాపు కమిటీలో ఎవరున్నారో ఈ వారం అడగండి. పేర్లు రాసుకోండి. మన పేరు లేకపోతే ఎందుకు లేదో కాగితం మీద అడగండి. సామాజిక తనిఖీ ఎప్పుడు చేశారో కూడా అడగండి.

మా అమ్మ చదువుకోలేదు. కానీ బడికి ఎన్ని గ్రాముల పప్పు రావాలో ఆమెకు నోటికొచ్చు. లెక్క ఆమెకు తెలుసు. ఆ లెక్క వేసే బల్ల దగ్గర ఆమెకు కుర్చీ లేదు, అంతే. ఆ కుర్చీ కోసమే ఈ జయంతి.

జై భీమ్. జై జోహార్.