నూర్‌బర్గ్‌రింగ్: ఈ ట్రాక్‌లో అసలు డేంజర్ మలుపులు కాదు!

రేస్ ట్రాక్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఏంటి? స్పీడా? మలుపులా? ఎపిసోడ్ అయ్యేసరికి మీ జవాబు మారిపోవచ్చు.

జర్మనీలో ఐఫెల్ కొండలున్నాయి. అక్కడ నూర్‌బర్గ్ అనే కోట చుట్టూ 1925లో పని మొదలుపెట్టి, 1927లో ఈ ట్రాక్ తెరిచారు. నిరుద్యోగులకి పని దొరుకుతుందన్నది కూడా ఒక కారణం. మొత్తం 28 కిలోమీటర్లు! అందులో ఫేమస్ అయింది ఉత్తరం వైపు లూప్, పేరు నార్డ్‌ష్లైఫె.

దీన్ని కొండని చదును చేసి కట్టలేదు, కొండ ఎలా ఉంటే రోడ్డు అలా వెళ్తుంది. ఎత్తుపల్లాల తేడా దాదాపు 300 మీటర్లు. ఫ్లుగ్‌ప్లాట్జ్ దగ్గర కార్లు నిజంగానే గాల్లోకి లేచేవి. కారుసెల్ మలుపులో కాంక్రీటు గిన్నెలోకి దిగినట్టు దిగి తిరగాలి. చుట్టూ అడవి. ఒకవైపు వాన పడుతుంటే ఇంకోవైపు ఎండ కాస్తుంది. 1968లో వానలో, పొగమంచులో ఇక్కడ నాలుగు నిమిషాల తేడాతో గెలిచిన జాకీ స్టీవర్ట్ దీనికి పెట్టిన పేరేంటో తెలుసా? 'గ్రీన్ హెల్', అంటే పచ్చటి నరకం!

ఇప్పుడు అసలు కథకొద్దాం. 1970ల్లో ఫార్ములా వన్ ల్యాప్ ఇక్కడ 22.8 కిలోమీటర్లు. 1975 క్వాలిఫయింగ్‌లో దాన్ని మొదటిసారి ఏడు నిమిషాల్లోపు పూర్తి చేసింది నికీ లాడా. 1976లో "ఇక్కడ రేస్ వద్దు, ఇంత పెద్ద ట్రాక్‌లో సేఫ్టీ ఏర్పాట్లు సరిపోవు" అన్నది కూడా ఆయనే. భయపడి అన్నాడని ఎవరైనా అనగలరా? డ్రైవర్లు ఓటేశారు. లాడా ఓడిపోయాడు.

ఆగస్టు 1. రెండో ల్యాప్. బెర్గ్‌వెర్క్ మలుపుకి ముందు లాడా కారు గట్టుని గుద్దుకుని మంటల్లో చిక్కుకుంది. ఆయన్ని బయటికి లాగింది రెస్క్యూ టీమ్ కాదు. వెనకాల వస్తున్న తోటి డ్రైవర్లు: మెర్జారియో, ఎడ్వర్డ్స్, లంగర్, ఎర్ట్ల్. ఆస్పత్రిలో పాస్టర్ వచ్చి చివరి ప్రార్థన కూడా చేసేశాడు. కానీ ఆరు వారాలకే లాడా మోంజాలో రేస్‌కి దిగి నాలుగో స్థానంలో వచ్చాడు. ఆ ఏడాది టైటిల్ ఒక్క పాయింటుతో జేమ్స్ హంట్‌కి పోయింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒకటి నేర్చుకున్నా. సర్వర్ ఎప్పుడో ఒకప్పుడు పడిపోతుంది. ఎంత త్వరగా మనిషి అక్కడికి చేరతాడన్నదే ముఖ్యం. నార్డ్‌ష్లైఫె ఫెయిలైంది సరిగ్గా అక్కడే. ఐదు కిలోమీటర్ల ట్రాక్‌లో ప్రతి మలుపు దగ్గరా మంటలార్పే మనుషుల్ని పెట్టొచ్చు. అడవిలో 22 కిలోమీటర్ల పొడవునా పెట్టాలంటే ఎంతమంది కావాలి?

ఆ రేస్ తర్వాత ఫార్ములా వన్ మళ్ళీ నార్డ్‌ష్లైఫెకి రాలేదు. పక్కనే 4.5 కిలోమీటర్ల కొత్త ట్రాక్ కట్టి 1984లో తెరిచారు. పాత లూప్ ఇంకా బతికే ఉంది. 24 గంటల రేస్ జరుగుతుంది, కార్ల కంపెనీలు టెస్టింగ్ చేస్తాయి, టికెట్ కొంటే మామూలు జనం కూడా సొంత కారు నడపొచ్చు. 2018లో టిమో బెర్న్‌హార్డ్ పోర్షే 919 ఈవోలో దీన్ని 5 నిమిషాల 19 సెకన్లలో చుట్టేశాడు.

ఆ వీడియో చూస్తే గూస్‌బంప్స్ గ్యారంటీ. కానీ రాత్రి ఖాళీ రోడ్డు మీద బండి 120 దాటిస్తున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాడికి పంపండి. "నాకు కంట్రోల్ ఉంది" అంటాడు. లాడాకీ ఉంది. "పడితే నీ దగ్గరికి ఎవరు, ఎంతసేపట్లో వస్తారు?" అని అడగండి చాలు.

మళ్ళీ కలుద్దాం, బై!